‘ఎక్కువ కాలం వచ్చే బ్యాటరీ’ ఏ లెక్కన? నానో మెటల్ ఆక్సైడ్ యానోడ్ల సంగతి

“నీ ఫోన్ బ్యాటరీ ఎంత వస్తోంది?” అని అడిగి చూడండి. ఒకరు “పొద్దున ఫుల్ చేస్తే రాత్రి పదిదాకా వస్తోంది” అంటారు. ఇంకొకరు “మూడేళ్లు వచ్చిందండీ, మొన్ననే ఉబ్బింది” అంటారు. ఇద్దరూ వాడిన మాట ఒకటే. లెక్కలు మాత్రం వేరు. మొదటాయన చెప్పింది ఒక్క చార్జింగ్‌తో ఎంతసేపు నడుస్తుందన్నది. రెండో ఆయన చెప్పింది ఎన్ని వందల చార్జింగ్‌లకు ముసలిదైందన్నది.

“గ్రాఫైట్ కంటే మూడు రెట్లు సామర్థ్యం, ఇక బ్యాటరీ ఎక్కువ కాలం వస్తుంది” అంటూ అప్పుడప్పుడూ ఓ సైన్స్ వార్త కనబడుతుంది. అందులో తరచూ ఉండే మాట ‘నానో మెటల్ ఆక్సైడ్ యానోడ్’. ఇలాంటి వార్తలు పై రెండు లెక్కల్నీ కలిపి ఒకే వాక్యంలో చుట్టేస్తాయి. చిక్కంతా అక్కడే ఉంది. పాతికేళ్లుగా ఈ రంగంలో జరిగింది చూస్తే, మొదటి లెక్క మీద ఆశతో మొదలైన ఆక్సైడ్లు దాదాపుగా ల్యాబ్ గడప దాటలేదు. గ్రాఫైట్ పట్టేదాంట్లో సగం కూడా పట్టని ఇంకో ఆక్సైడ్ మాత్రం రెండో లెక్కలో గెలిచి జపాన్ బుల్లెట్ రైలెక్కింది.

యానోడ్ అంటే ఏ భాగం

ఫోన్ బ్యాటరీ లోపల ఉన్నది చాపచుట్టలా చుట్టిన పలుచని రేకులు (ఇంట్లో విప్పి చూడకండి, అంటుకుంటుంది). ఒకటి రాగి రేకు, దాని మీద నల్లటి పూత. అది యానోడ్. ఇంకొకటి అల్యూమినియం రేకు, దాని మీదా నల్లటి పూతే. అది క్యాథోడ్. రెండూ ఒకదానికొకటి తగలకుండా మధ్యలో సన్నని ప్లాస్టిక్ పొర. ఇదంతా ఎలక్ట్రోలైట్ అనే ద్రవంలో తడిసి ఉంటుంది.

చార్జింగ్ పెట్టినప్పుడు లిథియం అయాన్లు క్యాథోడ్ వదిలి, ద్రవంలోంచి ఈది, యానోడ్‌లోకి చేరతాయి. ఫోన్ వాడుతున్నప్పుడు వెనక్కి వస్తాయి. ఇలా ఒకసారి వెళ్లి రావడాన్ని ‘సైకిల్’ అంటారు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి, తర్వాత లెక్కలన్నీ దీని మీదే నిలబడతాయి. తిరిగే లిథియం మొత్తం ఫ్యాక్టరీలో క్యాథోడ్‌తో పాటు వచ్చిందే. యానోడ్ ఖాళీగా మొదలవుతుంది. దారిలో కొంత పోతే మళ్లీ పోసేవాళ్లు ఎవరూ లేరు.

1991లో సోనీ మొదటి లిథియం అయాన్ బ్యాటరీని మార్కెట్లోకి తెచ్చినప్పటి నుంచి యానోడ్ అంటే ప్రధానంగా కార్బనే. ఇప్పుడు ఎక్కువగా గ్రాఫైట్. అందులో కార్బన్ పొరలు అల్మరా అరల్లా ఉంటాయి. లిథియం వచ్చి ఆ అరల మధ్య సర్దుకుంటుంది, పిలిస్తే బయటికొస్తుంది. నిండినప్పుడు గ్రాఫైట్ ఉబ్బేది సుమారు 10 శాతం. అల్మరాకు దెబ్బేమీ తగలదు. అందుకే ఇన్నేళ్లుగా దాని కుర్చీ కదల్లేదు.

దాని పరిమితి కూడా అల్మరా పరిమితే. ఆరు కార్బన్ పరమాణువులకు ఒక్క లిథియమే పడుతుంది. గ్రాముకు 372 ఎంఏహెచ్. అంటే 5000 ఎంఏహెచ్ ఫోన్ బ్యాటరీకి తక్కువలో తక్కువ 13.4 గ్రాముల గ్రాఫైట్ కావాలి. దీన్ని ఎంత శుద్ధి చేసినా ఆ అంకె పెరగదు.

జేగురు లెక్క

గుమ్మాలకు, గోడలకు పూసే జేగురు తెలుసు కదా. ఆ ఎరుపుకు కారణం ఫెర్రిక్ ఆక్సైడ్, రెండు ఇనుము పరమాణువులు మూడు ఆక్సిజన్ పరమాణువులతో కలిసిన పదార్థం. చౌక, విషం కాదు. దీన్ని యానోడ్‌గా పెడితే ఏమవుతుందో చూద్దాం.

లిథియానికి ఆక్సిజన్ అంటే మహా ఇష్టం. ఆరు లిథియం పరమాణువులు వచ్చి ఆ మూడు ఆక్సిజన్లనూ లాక్కుని లిథియం ఆక్సైడ్‌గా మారతాయి. మిగిలేది వట్టి ఇనుము. ఒక మోల్ (పరమాణువుల్ని లెక్కపెట్టే నిర్ణీత కట్ట) లిథియం మోసే విద్యుదావేశం 26.8 ఆంపియర్ అవర్లు, ఒక్కో ఆంపియర్ అవర్ అంటే 1000 ఎంఏహెచ్. ఆరు మోల్‌లకు 160.8. ఇంత పట్టడానికి కావాల్సిన ఫెర్రిక్ ఆక్సైడ్ 159.7 గ్రాములు. భాగిస్తే గ్రాముకు సుమారు 1007 ఎంఏహెచ్. గ్రాఫైట్‌కు ఇదే లెక్క వేస్తే 72 గ్రాముల కార్బన్‌కు 26.8, అంటే గ్రాముకు 372. వార్తల్లో చెప్పే ‘మూడు రెట్లు’ ఇక్కడి నుంచే పుడుతుంది. నిజానికి అది 2.7 రెట్లు.

కాగితం మీద ఈ లెక్క ఎప్పుడైనా వేయొచ్చు. కానీ లిథియం ఆక్సైడ్ ఒకసారి తయారైతే అది రాయిలాంటిదని, మళ్లీ విడిపోదని చాలాకాలం అనుకున్నారు. 2000 సంవత్సరంలో ఫ్రాన్స్‌లోని అమియాన్స్‌లో రసాయన శాస్త్రవేత్త తారస్కోన్ బృందం ‘నేచర్’ పత్రికలో ప్రచురించిన ఫలితాలు ఆ నమ్మకాన్ని కదిపాయి. కోబాల్ట్, నికెల్, రాగి, ఇనుము ఆక్సైడ్ల నానో పొడులతో వాళ్లు గ్రాముకు 700 ఎంఏహెచ్ దాకా చూపించారు. 100 సైకిళ్ల వరకూ అది తగ్గలేదు. ఎలా సాధ్యమైందంటే, ఈ చర్యలో బయటపడే లోహం పెద్ద ముద్దగా కాకుండా కొన్ని నానోమీటర్ల రేణువులుగా లిథియం ఆక్సైడ్‌లో చెదిరిపోయి ఉంటుంది. అంత చిన్న రేణువుల మధ్య ఆ రాయి కూడా మళ్లీ విడిపోతుంది. నానోమీటర్ అంటే మిల్లీమీటరులో పది లక్షలో వంతు. ఇక్కడ నానో అన్నది ప్రచారం కోసం తగిలించిన తోక కాదు, అది లేకపోతే చర్యే వెనక్కి తిరగదు.

ఇల్లు కూల్చి కట్టడం

గ్రాఫైట్‌లో జరిగేది సర్దుకోవడం. జేగురులో జరిగేది ఇల్లు కూల్చి, అదే ఇటుకలతో ఇంకో ఇల్లు కట్టి, సాయంత్రానికి దాన్నీ కూల్చి పాతది మళ్లీ కట్టడం. దీన్ని ‘కన్వర్షన్’ చర్య అంటారు. ఎక్కువ లిథియం పట్టేదీ ఇందువల్లే, ఎక్కువ చిక్కులు వచ్చేదీ ఇందువల్లే. ప్రతి చార్జింగ్‌కూ పదార్థం ఘనపరిమాణం దాదాపు రెట్టింపవుతుంది, డిశ్చార్జిలో మళ్లీ తగ్గుతుంది. రేణువులు పగులుతాయి. పగిలిన ముక్క రాగి రేకుతో సంబంధం తెంచుకుంటే అది బ్యాటరీలో ఉన్నా లేనట్టే.

మూడో దారి ‘అల్లాయింగ్’, అంటే లోహంతో లిథియం కలిసి మిశ్రలోహం కావడం. తగరపు ఆక్సైడ్ ఈ రకం. ఫొటో ఫిల్ముల కంపెనీ ఫూజీ 1990లలో తగరపు ఆక్సైడ్ ఆధారంగా ఒక యానోడ్ చేసి, 1997లో ‘సైన్స్’ పత్రికలో దాన్ని ప్రకటించింది. అప్పట్లో పెద్ద సంచలనం. బజారులో మాత్రం నిలబడలేదు. మామూలు తగరపు ఆక్సైడ్‌తో లెక్క చూస్తే కారణం తెలుస్తుంది. మొదటి చార్జింగ్‌లో ఒక్కో తగరానికి 8.4 లిథియాలు వెళితే అందులో 4 ఆక్సిజన్‌తో అతుక్కుపోతాయి, చాలామటుకు తిరిగి రావు. కొత్త బ్యాటరీలో దాదాపు సగం లిథియం మొదటి రోజే గోవిందా.

నానో చేసే మేలు, వంకాయ ముక్కల సమస్య

రేణువును చిన్నది చేస్తే రెండు లాభాలు. ఒకటి వేగం. ఘనపదార్థంలో లిథియం లోపలికి చేరడానికి పట్టే సమయం దూరం మీద కాదు, దూరం వర్గం మీద ఆధారపడుతుంది. 10 మైక్రాన్ల (మైక్రాన్ అంటే 1000 నానోమీటర్లు) గింజ మధ్యకు చేరడానికి గంట పట్టిందనుకుందాం. అదే పదార్థాన్ని 100 నానోమీటర్ల గింజలుగా చేస్తే దూరం నూరో వంతు, సమయం పదివేలో వంతు. అంటే సెకనులో మూడో వంతు చాలు. రెండోది, చిన్న రేణువు ఉబ్బినా తేలిగ్గా పగలదు. బోలు గోళాలు, నానో తీగలు, గ్రాఫీన్‌లో (ఒక్క పరమాణువు మందం కార్బన్ రేకు) చుట్టిన రేణువులు అంటూ ల్యాబుల్లో రకరకాల ఆకారాలు చేసేది ఉబ్బడానికి చోటు ఇవ్వడం కోసమే.

ఇక నష్టం. వంకాయలు తరగగానే ఉప్పునీళ్లలో వేస్తాం, లేకపోతే నల్లబడతాయి. నల్లబడేది గాలి తగిలిన కోతభాగమే. ఎంత సన్నగా తరిగితే అంత ఎక్కువ కోత, అంత ఎక్కువ నలుపు. యానోడ్‌లోనూ ఇదే. లిథియంతో నిండిన యానోడ్‌ను తాకిన చోటల్లా ఎలక్ట్రోలైట్ విరిగి ఒక పొర కడుతుంది. దాన్ని ఎస్‌ఈఐ అంటారు. ఈ పొర కావాలి కూడా, కింది పదార్థాన్ని కాపాడేది అదే. కానీ అది కట్టడానికి ఖర్చయ్యే లిథియం మళ్లీ రాదు. 10 మైక్రాన్ల ఘనాన్ని 100 నానోమీటర్ల ఘనాలుగా తరిగితే పది లక్షల ముక్కలవుతాయి, పైభాగం విస్తీర్ణం నూరు రెట్లవుతుంది. దానికి తోడు కన్వర్షన్ ఆక్సైడ్ ప్రతిసారీ ఉబ్బి కుంచించుకుపోతుంది కాబట్టి కట్టిన పొర చిట్లుతుంది, కొత్త పొర కడుతుంది, ఇంకొంత లిథియం పోతుంది. గ్రాఫైట్‌లో ఈ పొర ఒకసారి కట్టాక చాలావరకు కుదురుగా ఉంటుంది. తేడా అదే.

అప్పు లెక్కలో చూస్తే ఇది ఎంత ప్రమాదమో అర్థమవుతుంది. ప్రతిసారీ ఇచ్చిన సొమ్ములో 99.5 శాతం తిరిగొస్తోందనుకుందాం. వినడానికి బ్రహ్మాండం. కానీ వచ్చినదాన్నే మళ్లీ అప్పిస్తూ పోతే నూరుసార్లకు మిగిలేది 60 శాతం. 1000 సైకిళ్ల తర్వాత కూడా 80 శాతం మిగలాలంటే ప్రతిసారీ 99.98 శాతం తిరిగి రావాలి. దశాంశం తర్వాతి రెండో అంకె బ్యాటరీ ఆయుష్షును నిర్ణయిస్తుంది.

మరి ల్యాబ్ ఫలితాల్లో ఇది ఎందుకు కనబడదు? చాలా పరిశోధనల్లో యానోడ్‌ను బొత్తాం సైజు ‘కాయిన్ సెల్’లో పెట్టి, ఎదురుగా క్యాథోడ్ బదులు లిథియం లోహపు బిళ్లను పెడతారు. దీన్ని ‘హాఫ్ సెల్’ అంటారు. అందులో లిథియం దండిగా ఉంటుంది. ఎంత పోయినా బిళ్ల నుంచి ఇంకొంత వస్తూనే ఉంటుంది. తండ్రి పంపే డబ్బుతో నడిచే కొడుకు వ్యాపారం లాంటిది, నష్టం ఖాతాలో కనబడదు. దీన్ని మోసం అనడం అన్యాయం. ఒక పదార్థం గుణం ఒంటరిగా తెలుసుకోవడానికి అది సరైన పద్ధతే. ఆ అంకెను తీసుకొచ్చి ఫోన్ బ్యాటరీకి అంటగట్టడమే తప్పు. పూత మందం కూడా చూడాలి. ల్యాబ్‌లో చదరపు సెంటీమీటరుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల పదార్థం పూస్తారు, ఫ్యాక్టరీ పూత దానికి ఎన్నో రెట్లు మందం.

మూడు రెట్లు పట్టి, శక్తి తగ్గే లెక్క

అన్నిటికంటే తక్కువగా మాట్లాడుకునేది వోల్టేజీ గురించి. శక్తి అంటే ఎన్ని అయాన్లు కదిలాయన్నది ఒక్కటే కాదు, ఎంత ఎత్తు నుంచి కిందికి దూకాయన్నది కూడా. డాబా మీది ట్యాంకులో నీళ్ల లాగా. క్యాథోడ్, యానోడ్‌ల మధ్య ఎత్తు తేడాయే బ్యాటరీ వోల్టేజీ. యానోడ్ ఎంత కింద ఉంటే అంత మంచిది. లిథియం లోహాన్ని నేల అనుకుంటే, గ్రాఫైట్ సుమారు 0.1 వోల్టు దగ్గర, దాదాపు నేల మీద ఉంటుంది. జేగురు కథ వేరు. దానిలోకి లిథియం వెళ్లేది సుమారు 0.8 వోల్టు దగ్గర, బయటికొచ్చేది సుమారు 1.7 దగ్గర.

సుమారు అంకెలతోనే ఒక చిన్న బ్యాటరీ కట్టి చూద్దాం. సామర్థ్యం 1 ఆంపియర్ అవర్. క్యాథోడ్ సగటున 3.8 వోల్టులది, గ్రాముకు 180 ఎంఏహెచ్ ఇస్తుంది. రేకులు, డబ్బా బరువు పక్కన పెడదాం.

గ్రాఫైట్‌తో అయితే, గ్రాముకు 350 చొప్పున యానోడ్ 2.9 గ్రాములు. మొదటి చార్జింగ్‌లో సుమారు 8 శాతం లిథియం పోతుంది కాబట్టి ఆ మేరకు క్యాథోడ్ ఎక్కువ వేయాలి, 6 గ్రాములు. మొత్తం 8.9 గ్రాములు. వోల్టేజీ 3.7. గ్రాముకు 0.42 వాట్ అవర్ శక్తి.

జేగురుతో అయితే, గ్రాముకు 1000 చొప్పున యానోడ్ ఒక్క గ్రాము చాలు. కానీ మొదటి చార్జింగ్‌లోనే పావు వంతు పైన పోతుంది. దాన్ని పూడ్చడానికి క్యాథోడ్ 7.5 గ్రాములు కావాలి. మొత్తం 8.5 గ్రాములు. యానోడ్‌లో ఆదా అయిన బరువంతా దాదాపుగా క్యాథోడ్ మింగేసింది. వాడుకునేటప్పుడు వచ్చే వోల్టేజీ 3.8 లోంచి 1.7 తీసేస్తే 2.1. గ్రాముకు శక్తి 0.25 వాట్ అవర్. ‘మూడు రెట్ల’ యానోడ్ పెట్టాక బ్యాటరీలో శక్తి నలభై శాతం తగ్గింది!

కథ అక్కడితో ఆగదు. చార్జింగ్ చేసేటప్పుడు మనం పెట్టాల్సిన వోల్టేజీ 3.8 లోంచి 0.8 తీసేస్తే 3.0. తిరిగొచ్చేది 2.1. అంటే మోటారు నీళ్లను మూడో అంతస్తుకు ఎక్కిస్తోంది, కుళాయిలో రెండో అంతస్తు ఒత్తిడే వస్తోంది. 100 యూనిట్లు పోస్తే 70 చేతికొచ్చి 30 వేడిగా పోతాయి. దీన్ని ‘హిస్టెరిసిస్’ అంటారు. రేణువులు ఎంత చిన్నవి చేసినా ఇది పూర్తిగా పోదు. కూల్చే దారి, కట్టే దారి ఒకటి కాకపోవడం వల్ల వచ్చే తేడా అది.

సగం పట్టేది గెలిచింది

లిథియం టైటనేట్ కూడా లోహపు ఆక్సైడే. తెల్లటి పొడి. టైటానియం మనకు కొత్తదేమీ కాదు, భీమిలి, కళింగపట్నం తీరాల్లోని ఇసుకలో ఉండే ఇల్మనైట్ దాని ఖనిజమే. లిథియం టైటనేట్ పట్టేది గ్రాముకు 175 ఎంఏహెచ్ మాత్రమే. వోల్టేజీ 1.55, గ్రాఫైట్ కంటే బాగా ఎత్తు. మొదటి లెక్కలో చూస్తే ఇది పరీక్ష రాయకముందే ఫెయిల్.

కానీ లిథియం నిండినా ఖాళీ అయినా దీని ఘనపరిమాణం మారేది అర శాతం కూడా ఉండదు. అందుకే దీన్ని ‘జీరో స్ట్రెయిన్’ పదార్థం అంటారు. గ్రాఫైట్ పక్కన లోపంగా కనబడే 1.55 వోల్టులే దీనికి రక్ష. ఆ ఎత్తులో ఎలక్ట్రోలైట్ పెద్దగా విరగదు, మందపాటి ఎస్‌ఈఐ కట్టదు. ఇది నల్లబడని వంకాయ, ఎంత సన్నగా తరిగినా ఫరవాలేదు. నానో వల్ల లాభం పూర్తిగా దక్కి, నష్టం తప్పేది ఇక్కడే. వేగంగా చార్జ్ చేస్తే గ్రాఫైట్ మీద లిథియం లోహం పేరుకుని షార్ట్ సర్క్యూట్ అవుతుందన్న టెన్షన్ కూడా దీంతో దాదాపుగా ఉండదు. తెల్ల పొడికి విద్యుత్తు సరిగా పారదు కాబట్టి పైన కార్బన్ పూత పూస్తారు. నానో రేణువుల్ని విడిగా వదలకుండా బూందీ లడ్డూలా మైక్రాన్ల ఉండలుగా కడతారు. పొడి ఎగరదు, పూత గట్టిగా వస్తుంది, లోపల బూందీ బూందీగానే ఉంటుంది.

జపాన్ కంపెనీ తోషిబా 2008 నుంచి ఈ రకం సెల్స్ అమ్ముతోంది. 20,000 సైకిళ్లకు పైగా వస్తాయని దాని లెక్క. రోజుకో చార్జింగ్ అయితే యాభై ఏళ్లు దాటుతుంది. 2020లో పట్టాలెక్కిన ఎన్700ఎస్ బుల్లెట్ రైలులో, భూకంపం వచ్చి కరెంటు పోతే రైలు తనంతట తాను సొరంగమో వంతెనో దాటి సురక్షిత చోటికి చేరడానికి పెట్టినవి ఇవే. మన దగ్గర హైదరాబాద్ బాలాపూర్‌లోని పరిశోధన సంస్థ ఏఆర్‌సీఐ కూడా ఈ పొడి తయారీపై పనిచేసింది. లోపాలు లేవా? ఉన్నాయి. సెల్ వోల్టేజీ 2.3 చుట్టూ ఉంటుంది, అదే శక్తికి బరువు చాలా ఎక్కువ, ధర ఎక్కువ. తేమ మిగిలితే, వేడెక్కితే గ్యాస్ పుట్టి సెల్ ఉబ్బుతుంది. ఫోన్‌లో ఇది ఎప్పటికీ రాకపోవచ్చు.

వాదనలు ఎక్కడ తెగలేదు

కన్వర్షన్ ఆక్సైడ్లను వదిలేయాలా అన్నదాని మీద పరిశోధకుల్లో ఏకాభిప్రాయం లేదు. సింగపూర్ జాతీయ విశ్వవిద్యాలయం నుంచి ఎం.వి. రెడ్డి, జి.వి. సుబ్బారావు, బి.వి.ఆర్. చౌదరి 2013లో ‘కెమికల్ రివ్యూస్’లో ఈ ఆక్సైడ్లన్నిటి మీదా భారీ సమీక్ష రాశారు. అంత పెద్ద జాబితా అవసరమైందంటేనే ఎంతమంది దీని వెనక పడ్డారో తెలుస్తుంది. ఆశ పెట్టుకున్నవాళ్లు చెప్పేది: ఇనుము, మాంగనీస్ చౌక, ఎక్కడైనా దొరుకుతాయి. మొదటి రోజు పోయే లిథియాన్ని ముందే యానోడ్‌లో నింపి పెట్టే పద్ధతులు వస్తున్నాయి. వద్దనేవాళ్లు చెప్పేది: ముందే నింపితే మొదటి నష్టం పూడుతుంది గానీ ప్రతిరోజూ వేడిగా పోయే 30 శాతం పూడదు. ఇంటి మీద సోలార్ నిల్వకైతే బరువు సమస్య కాదు, కానీ అక్కడ ఆ 30 శాతమే ముఖ్యం. నా చదువు మేరకు రెండో పక్షం వాదన బరువుగా ఉంది, కనీసం హిస్టెరిసిస్ విషయంలో.

మధ్యలో సిలికాన్ ఆక్సైడ్ ఉంది. సిలికాన్‌ను లోహం అనలేం, కానీ కథ ఇదే. గ్రాఫైట్‌లో కొన్ని శాతాలు కలిపి ఇప్పటికే ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీల్లో వాడుతున్నారు. తగరాన్ని ముంచిన ఆక్సిజన్ ఇక్కడ పనికొచ్చింది. అది లిథియంతో కలిసి ఏర్పడే పదార్థం, విపరీతంగా ఉబ్బే సిలికాన్ చుట్టూ మెత్తలా పనిచేస్తుంది.

నానో తప్పనిసరా అన్నది ఇంకో వాదన. 2018లో కేంబ్రిడ్జి శాస్త్రవేత్తలు నయోబియం, టంగ్‌స్టన్ అనే రెండు లోహాలు కలిసిన ఆక్సైడ్ల మీద ‘నేచర్’లో ప్రచురించిన పనిలో, మైక్రాన్ల సైజు రేణువులే చాలా వేగంగా చార్జ్ అయ్యాయి. వాటి స్ఫటికంలోనే లిథియానికి వెడల్పాటి దారులున్నాయి. దారి బాగుంటే గింజ పెద్దదైనా ఫరవాలేదు, తరగాల్సిన పని లేదు.

అదే కుటుంబంలోని టైటానియం నయోబియం ఆక్సైడ్ సిద్ధాంతం ప్రకారం గ్రాముకు 388 ఎంఏహెచ్ పడుతుంది, గ్రాఫైట్‌కు సమానం. వోల్టేజీ మాత్రం టైటనేట్ దగ్గరే ఉంటుంది. తోషిబా, జపాన్‌కే చెందిన సోజిట్జ్, బ్రెజిల్ నయోబియం కంపెనీ సీబీఎంఎం కలిసి 2024లో ఈ యానోడ్‌తో నడిచే ఒక ప్రయోగాత్మక బస్సును బ్రెజిల్‌లోని అరషా గనుల పట్టణంలో చూపించాయి. పది నిమిషాల చార్జింగ్ దాని లక్ష్యం. బస్సు ఒక రౌండు తిరిగి మళ్లీ అదే స్టాపుకు వస్తుంది. డ్రైవరు టీ తాగేలోపు నిండితే చాలు, రాత్రి పదిదాకా రావాల్సిన అవసరం దానికి లేదు.